మా ముత్తాత జెండాకి 1806 ఎందుకు?

పోయిన సంవత్సరం మా ఊళ్ళో పాత వస్తువుల ప్రదర్శన పెట్టినప్పుడు మా ఇంటి నుంచి ఒక జెండా ఇచ్చినాము. అది మా అవ్వ ట్రంకుపెట్టెలో అడుగున ఉండేది. అవ్వకి మామగారిది, నాకు ముత్తాతది. గాజుపెట్టెలో పెట్టి దాని కింద అట్ట మీద ఇలా రాసినారు: "వేలూరు సిపాయిల తిరుగుబాటు జెండా, 1806". మా ముత్తాత పేరు ఎక్కడా లేదు.

ఇది తప్పు అని నేను చెప్తే నవ్వినారు. "పాతదంటేనే కదా పాపా జనం నిలబడి చూస్తారు" అని ఒకాయన అన్నారు. "పెద్దవాళ్ళు రాసిందాన్ని కాదంటావా" అని ఇంకొకాయన. కాదనే అంటాను. ఎందుకో ఇక్కడ రాస్తాను.

జెండా తన వయసు తానే చెప్తుంది. మనం చూడాలి, అంతే. మొదట కుట్టు చూడండి. మా జెండాలో రెండు రంగుల ఉన్నిగుడ్డలు కలిపి కుట్టి ఉన్నాయి. కుట్టు అంతా ఒకే కొలత, పైన ఒక దారం, కింద ఒక దారం. అంటే మిషను కుట్టు. కుట్టుమిషన్లు జనంలోకి వచ్చింది 1850 తర్వాతే, సింగర్ పేటెంటు 1851లో. మరి 1806లో వేలూరు కోటలో మిషను తొక్కింది ఎవరు? ఈ ఒక్క ప్రశ్నతోనే ఆ అట్ట చింపేయొచ్చు.

తర్వాత కిరీటం. మధ్యలో ఒక కిరీటం అతికించి ఉంది. దాని పైవంపు గుండ్రంగా పైకి లేచి ఉంది. ఏడో ఎడ్వర్డు రాజు వచ్చిన 1901 నుంచి ఆరో జార్జి పోయిన 1952 దాకా బ్రిటిష్ సైన్యాల గుర్తుల మీద కనిపించేది ఈ రకమే. రెండో ఎలిజబెత్ రాణి కాలంలో వంపు నడుమ నొక్కినట్టు కిందికి దిగుతుంది. విక్టోరియా కాలపు కిరీటాలు కూడా కొన్ని అట్లాగే కొంచెం నొక్కినట్టే ఉంటాయి, అందుకని కిరీటం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. మన దేశానికి ఇంకొక గీత ఉంది. 1950 జనవరి 26న గణతంత్రం వచ్చినాక మన సైన్యం గుర్తుల్లో కిరీటం తీసేసి అశోకుని సింహాలు పెట్టినారు. కాబట్టి మా జెండా 1901కి, 1950కి నడుమది.

అక్కడితో ఆగలేదు. కర్రకి కట్టే వైపు తెల్ల నాడా ఉంది. దాన్ని వెనక్కి మడిచి చట్రంలో పెట్టినారు కాబట్టి ప్రదర్శనలో ఎవరికీ కనిపించలేదు. దాని మీద సర్కారు సామాను మీద వేసే బాణం గుర్తు, పక్కన 194 అనే అంకెలు, నాలుగో అంకె చెరిగిపోయింది. ముత్తాత డిశ్చార్జి కాగితం మీద సంవత్సరం 1946. ఇంకేం కావాలి? 1940కి 1946కి నడుమ, ఆరేడేళ్ళలో తేలిపోయింది. నూటముప్పై ఏళ్ళకి పైగా ఎక్కువ రాసినారు!

ఇంకొక సంగతి చెప్పాలి, నాకు చాలా నచ్చింది. మా నాయన అంగడిలో దొంగనోట్లు చూసే నీలం లైటు ఉంది. రాత్రి జెండాని దాని కింద పెట్టి చూసినాము. ఇప్పటి దారాలకి, గుడ్డలకి తెల్లగా కనిపించడానికి ఒక మందు కలుపుతారు, అది ఆ లైటులో నీలంగా మెరుస్తుంది. ఆ మందు వాడకం పెరిగింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. జెండా అంతా నల్లగానే ఉంది, ఒక మూల మాత్రం నాలుగు వేళ్ళంత పొడవున గీతలా మెరిసింది. "అది నేను కుట్టిందే, ఎలుక కొరికింటే" అనింది అవ్వ. ఈ లైటు కూడా మోసం చేయగలదు: పాత గుడ్డని ఇప్పటి సబ్బుపొడితో ఉతికితే అదీ మెరుస్తుంది. అందుకే ఇంట్లో ఇట్లాంటిది ఉంటే దయచేసి ఉతకొద్దు. నిప్పు పెట్టి దారం కాల్చి చూసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి దండం.

కొత్త గుడ్డని టీ నీళ్ళలో ముంచి పాతదని అమ్మేవాళ్ళ సంగతి కూడా తెలుసుకోండి. ముంచిన గుడ్డకి రంగు అంతటా ఒకేలా ఉంటుంది. నిజంగా పాతబడింది మడతల దగ్గర ఒకలా, ఎండ తగిలిన చోట ఒకలా ఉంటుంది. జెండా మీద యుద్ధాల పేర్లు ఉంటే ఇంకా సులభం: ఆఖరి యుద్ధం కంటే ఆ జెండా పాతది కాలేదు. పటాలం అంకెతో జాగ్రత్త. 1824లో మద్రాసు పటాలాల అంకెలన్నీ మార్చినారు, 1903లో మళ్ళీ మార్చినారు. అప్పటి దాకా 23గా ఉన్న వాలాజాబాదు పటాలం 83 అయింది. 1806లో వేలూరులో తిరగబడిన వాటిలో కూడా 23 అనే పటాలం ఉంది, అది వేరు. అంకె చూసి ఎగిరి గంతేసేవాళ్ళు ఇక్కడే పడతారు.

"పటాలం అసలు జెండా" అనే మాట కూడా సులభంగా నమ్మొద్దు. పటాలం గౌరవ పతాకం వేరు, శిబిరం దగ్గర పాతే జెండా వేరు. మొదటిది పట్టు, జరీ పని, పటాలానికి ప్రాణం లాంటిది. రాజు ఇచ్చిన ఆ పతాకాలని 1950 నవంబరు 23న డెహ్రాడూన్‌లోని చెట్‌వుడ్ హాలులో భద్రం చేసినారు. అంగట్లో ఎవరైనా అట్లాంటిది చూపిస్తే అది అక్కడి నుంచి ఎట్లా వచ్చిందని అడగండి. మాది శిబిరం జెండా. మామూలు ఉన్నిగుడ్డ. ఒప్పుకోవడానికి మాకేం సిగ్గు లేదు.

సిగ్గు ఉన్నది వాళ్ళకే అని నాకు అనిపిస్తుంది. నిలదీసి అడిగితే ఆఖరికి ఒకాయన అసలు మాట చెప్పినారు: "తెల్లోడి కింద జీతానికి పనిచేసినవాడి జెండా చూపించి ఏం లాభం? 1806 అంటే స్వాతంత్ర్యం." ఈ మాటకి జవాబు చెప్పడం కష్టమే, రెండు రోజులు ఆలోచించినాను. 1806 జూలై 10న తిరగబడిన సిపాయిలు ఎవరు? ముందురోజు దాకా కంపెనీ జీతం తిన్నవాళ్ళే కదా. కొత్త తలపాగా పెట్టుకోమన్నందుకు, నుదుట బొట్టు చెరపమన్నందుకు, గడ్డం గీయమన్నందుకు తిరగబడినారు. టిప్పు సుల్తాను కొడుకులు ఉన్న ఆ కోట మీద మైసూరు జెండా ఎగరేసినారు. ఆ మాట నిలబడడానికి మా ఉన్నిగుడ్డ అవసరం లేదు. పైగా మిషను కుట్టు చూసిన ఎవరైనా రేపు "ఇదే అబద్ధమైతే ఆ తిరుగుబాటు కథ కూడా అబద్ధమేనేమో" అంటే ఏం చెప్తారు?

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో పాతిక లక్షల మంది ఉన్నారు. వాళ్ళలో మా ముత్తాత ఒకడు. బర్మాలో రోడ్లు వేసినాడని అవ్వ చెప్తుంది. మెరక భూమి, వాన లేదు, ఇంట్లో ఎనిమిది నోళ్ళు, అందుకు పోయినాడు. ఆయన ద్రోహీ కాదు, వీరుడని నేను కూడా అనడం లేదు. ఆయన ఉన్నాడు, ఆ జెండా కింద పడుకున్నాడు, తిరిగొచ్చినాడు. 1806 అని రాస్తే ఆ మనిషే లేకుండా పోతాడు. ఉత్తరాదిన ఒకప్పుడు సిపాయిని 'తిలంగా' అనేవాళ్ళు, మన తెలుగువాళ్ళ పేరు మీదే వచ్చిన మాట అది. పటాలాల్లో మనవాళ్ళు అంతమంది ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు? తెలిసిన ఒక్క పేరు కూడా అట్ట మీద రాయలేదు.

చెన్నై కోట మ్యూజియంలో 1947 ఆగస్టు 15న ఆ కోట మీద ఎగరేసిన జెండా ఉంది. దాన్ని ఎవరూ 1857 నాటిదని చెప్పలేదు. దాని తేదీ కోసమే జనం పోయి చూస్తారు.

జెండాని ఇంటికి తెచ్చుకున్నాము. పాత చీరలో చుట్టి, మడతలు మార్చి పెట్టినాను. దాంతో పాటు ఒక చీటీ రాసి పెట్టినాను: ముత్తాత పేరు, డిశ్చార్జి అంకె, "శిబిరం జెండా, 1940–1946", కింద "మూల కుట్టు: అవ్వ". ఈ సంవత్సరం ప్రదర్శనకి మళ్ళీ అడిగినారు. చీటీతో సహా పెడితే ఇస్తామని నాయన చెప్పినాడు. ఇంకా జవాబు రాలేదు.