ఇప్పుడందరూ ‘ఆడ’ పిల్లలే

మా సీమలో ఒక పాత మాట ఉన్నది. ఆడపిల్ల ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల అని పెద్దలు అంటారు. కర్నూలు, కడప ప్రాంతాల పలుకుబడిలో ‘ఈడ’ అంటే ఇక్కడ, ‘ఆడ’ అంటే అక్కడ. వ్యుత్పత్తి శాస్త్రం ఈ చమత్కారాన్ని ఒప్పుకోదు. కాని కూతురు ఏనాటికైనా మరొక ఇంటికి పోవలసినదేనని తల్లిదండ్రులు తమకు తాము నచ్చచెప్పుకొనుటకు కల్పించుకొన్న మాట అది. పుట్టిన ఇంటిలోనే పిల్లను పరాయిదానిని చేసిన ఆ మాటలోని అన్యాయాన్ని ఈనాడు ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచినది వేరొకటి. ఇప్పుడు కొడుకులు కూడా ఆడ పిల్లలే అయినారు. ఆ సంగతిని ఒప్పుకొనుటకు మాత్రం మనము ఇంకా సిద్ధపడలేదు.

నాకు ఇద్దరు పిల్లలు. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి నాలుగేండ్లయినది. కూతురు బ్యాంకు ఉద్యోగం వచ్చి రెండేండ్ల క్రితం విశాఖపట్నం పోయినది. కర్నూలులోని మా ఇంటిలో ఇప్పుడు నేను, నా భార్య. కూతురు పోయిన తరువాత చాలా నెలల వరకు మా ఇంటిలో రోజూ అన్నం మిగిలేది. ఇరవై ఏండ్లకు పైగా నలుగురికి బియ్యం కొలిచిన చేయి ఇద్దరికి కొలవలేకపోయినది. మిగిలిన అన్నం మరునాటి ఉదయం చిత్రాన్నమయ్యేది. “ఎవురికని ఇంత వండితివి?” అని ఒకనాడు అడిగినాను. ఆమె జవాబు చెప్పలేదు. అడుగరాని ప్రశ్న అడిగినానని నాకు ఆలస్యంగా తెలిసినది.

ఇదేమంత దుఃఖమని కొందరు అనవచ్చు. పిల్లలకు ఏ కష్టమూ రాలేదు. చదువుకొన్నారు, సంపాదించుకొంటున్నారు. అందుకొరకే గదా అప్పు చేసి చదివించినాము! నిజమే. అందువలననే ఈ దుఃఖాన్ని పైకి చెప్పుకొనుటకు వీలు లేదు. చెప్పుకొంటే నలుగురూ నవ్వుతారేమోనని సంకోచం, పిల్లల అభివృద్ధికి కన్ను కుట్టినదంటారేమోనని భయం. చెప్పుకొనే దారి లేని దుఃఖం విసుగుగా మారి ఎదుటివారి మీద పడుతుంది.

కూతురిని అత్తవారింటికి పంపే దుఃఖానికి మన పెద్దలు ఒక దారి ఏర్పరచినారు. అప్పగింతలని ఒక ఘట్టం పెట్టినారు. ఆ సమయాన తండ్రి నలుగురిలో ఏడ్చినా తప్పు లేదు. ఒడిలో బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి పోసి పంపుతారు. మొదటి పండుగకు పిలుస్తారు. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలంలో నాలుగవ అంకమంతా ఈ సాగనంపుటకే కేటాయించినాడు. సర్వసంగ పరిత్యాగి అయిన కణ్వుడే చలించిపోయినాడు. పదిహేనవ శతాబ్దిలో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు ఆ కథనే తెలుగున శృంగార శాకుంతలంగా వ్రాసినాడు. శకుంతల కనుమరుగైన తరువాత కణ్వుని మనసు, తన వద్ద దాచిన సొమ్మును సొంతదారునికి అప్పగించినవాని మనసువలె, తేలికపడినదని కాళిదాసు చెప్పినాడు. కూతురిని సొమ్ముతో పోల్చుట ఈనాటి మనకు నచ్చదు. అయినను ఆ తేలికపాటు ఎక్కడి నుండి వచ్చినదో గమనింపవలెను. పంపవలసిన రీతిలో పంపినవానికే అది దక్కింది.

ఉద్యోగానికి పోయే కొడుకుకు ఇటువంటి ఘట్టమేదీ లేదు. పెండ్లి కాకముందే ఉద్యోగానికి పోయే కూతురికీ లేదు. రాత్రి బస్సుకు రెండు సంచులు ఎక్కిస్తాము. ఒక సంచిలో శెనగకాయల పొడి, నిప్పట్లు ఉంటాయి. “పోయి రా” అంటాము. ఆ మాటలో ‘పోయి’ మనకు వినపడదు, ‘రా’ ఒక్కటే వినపడుతుంది. నాలుగు రోజులలో తిరిగి వచ్చేవానిని పంపినట్లే పంపి, నలభై ఏండ్ల జీవితానికి పోయినవాని కొరకు గది తుడిచి కాచుకొని కూర్చుంటాము.

మన నేలకు ఈ వియోగం కొత్తది కాదు. వాన నమ్మకం లేని మెట్ట పొలాలు ఇంటిలోని అందరికీ పని చూపలేవు. రాజంపేట, రాయచోటి ప్రాంతాల పల్లెలనుండి కొన్ని దశాబ్దాలుగా జనం కువైట్‌కు పోతున్నారు. మగవారే కాదు, పసిపిల్లలను అవ్వల వద్ద వదలి తల్లులు కూడా ఇంటిపనులకు పోయినారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించి, లక్షకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాలలో స్వదేశానికి చేర్చవలసి వచ్చినప్పుడు, ఆ పల్లెలలో దినమొక యుగంగా గడిచినది. అయినను యుద్ధం ముగిసిన తరువాత జనం మళ్ళీ పోయినారు. ప్రేమ లేక పోలేదు, బ్రతుకు కొరకు పోయినారు.

అదే రాజంపేటకు చేరువనున్న తాళ్ళపాకనుండి ఆరు వందల ఏండ్ల క్రితమే ఒక పిల్లవాడు ఇల్లు విడిచిపోయినాడు. అన్నమాచార్యుల మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రలో ఆ కథ ఉన్నది. ఇంటివారు పశువులకు గడ్డి కోసుకొని రమ్మని పంపితే, పిల్లవాడు కొడవలి పారవేసి యాత్రికుల వెంట తిరుమల దారి పట్టినాడు. తరువాత తల్లి వెదకుకొంటూ పోయి ఇంటికి పిలుచుకొని వచ్చినది, పెండ్లి చేసినారు. కాని ఆయన బ్రతుకు కొండ మీదనే పండినది. సంకీర్తనలను తలచుకొనే మనము, కొడుకు కనపడని ఆ దినాలలో తాళ్ళపాక ఇంటిలోని తల్లి ఎట్లున్నదో తలచుకొనము. ఏ తల్లి పిల్లనైనా ఇంటిలోనే నిలుపుకొనవలెనని పట్టుబట్టి ఉంటే లోకానికి ఏమి దక్కేది?

ఇవన్నీ తరగతిలో చెప్పుట నాకు తెలుసు. ఇంటిలో ఆచరించుట తెలియలేదు. ప్రతి రాత్రి ఎనిమిది గంటలకు పిల్లలిద్దరికీ ఫోను చేసేవాడను. “తిన్నావా? ఆరోగ్యం బాగుందా? ఎప్పుడొస్తావు?” ఈ మూడు ప్రశ్నలే. “తిన్నాను, బాగుంది, చూస్తాను” అని మూడు జవాబులే. ఒకనాడు కొడుకు నవ్వుతూ “నాన్నా, నువ్వు హాజరు తీసుకుంటున్నట్టుంది” అన్నాడు. ఆ సంవత్సరం ఉగాదికి రాలేనని కూడ చెప్పినాడు. నాకు కోపం వచ్చినది. “ఇల్లు నీకు సత్రమైపోయిందిలే” అన్నాను. ఆ తరువాత పది రోజులు నేను మాట్లాడలేదు, వాడూ మాట్లాడలేదు. వాని సంగతులు నా భార్య ఫోనులో వింటూ ఉంటే, పక్క గదిలో పుస్తకం పట్టుకొని వినుచున్నది నేనే.

ఆ పది రోజులలోనే ఒకనాడు మా కళాశాల విద్యార్థి ఒకడు పుస్తకం కొరకు ఇంటికి వచ్చినాడు. అతనిది కోసిగి వైపు పల్లె. కర్నూలు జిల్లా పడమటి మండలాలనుండి జనం ఏటేటా ‘సుగ్గి’కి పోతారని ఉపాధ్యాయులకు తెలిసినదే. ఇక్కడి పైరు ముగియగానే ఇళ్ళకు తాళాలు వేసి, మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు పోతారు. పిల్లలను వెంట తీసికొనిపోతే బడులలో పలకడానికి పేర్లు మిగులుతాయి కాని పలికేవారు మిగలరు. బడి మానకూడదని వలస కాలానికి ప్రభుత్వం వసతి గృహాలను కూడ నడిపినది. ఈ విద్యార్థి అట్లా అవ్వ వద్ద కొన్నేండ్లు, వసతి గృహంలో కొన్నేండ్లు పెరిగి డిగ్రీకి వచ్చినవాడు. “మీ అమ్మానాయనా ఎప్పుడొస్తారు?” అని అలవాటు కొద్దీ అడిగినాను. “నేను అడగను సార్. అడిగితే వాళ్ళకు ఆడ పని చేసేకి మనసు రాదు. మిరప ఎట్లుంది, కాలువలో నీళ్ళొస్తున్నాయా అని అడుగుతా. మా నాయన గంటసేపు చెప్తాడు” అన్నాడు.

మా ఇంటిలో పిల్లలు పోయినారు. అతని ఇంటిలో తల్లిదండ్రులు పోయినారు, అదీ పసితనంలోనే. ఎవరికెక్కువ కష్టమో తూచి చూడనక్కరలేదు. సగం వయస్సు కూడా లేని ఆ పిల్లవాడు, దూరాన ఉన్నవారితో ఎట్లు మాట్లాడవలెనో నాకు నేర్పినాడు. ఆ రాత్రి నాకు మా నాయన జ్ఞాపకం వచ్చినాడు.

మాది కడప జిల్లాలో వాన కురిస్తే పండే పల్లె. శెనగకాయ తప్ప వేరు పంట ఎరుగము. నేను ఎం.ఏ. చదువుటకు తిరుపతికి, తరువాత ఉద్యోగానికి కర్నూలుకు వచ్చినాను. మా నాయన పెద్దగా చదువుకొన్నవాడు కాడు. ఆయన వ్రాయించిన ఉత్తరాలలోను, తరువాత ఫోనులోను మొదట అడిగే మాట ఒకటే: “ఆడ వాన పడిందా?” నాకు పొలం లేదు. కర్నూలులో వాన పడితే నాకేమి, పడకపోతే నాకేమి! రైతు చాదస్తమని నవ్వుకొనేవాడను. అయినను ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు కిటికీలోనుండి ఆకాశం చూసేవాడను. వాన సంగతి మొదలుపెట్టి, వీధిలో నీళ్ళు, తుంగభద్ర వరవడి, కళాశాల, అద్దె ఇల్లు, అన్నీ చెప్పేవాడను. ఎప్పుడొస్తావని ఆయన అడిగిన జ్ఞాపకం లేదు. నేనున్న చోటును గూర్చి ఆయన అడిగినాడు. అక్కడ కూడా ఒక ఆకాశమున్నదని, దాని కింద కొడుకు బ్రతుకుతున్నాడని ఒప్పుకొన్నాడు. నాకు ఆయన చేసిన అప్పగింత అదే. నేను నా పిల్లలను ఈడకు పిలుచుటే గాని, ఆడ ఏమున్నదని ఒక్కనాడైనా అడుగలేదు.

వెనుకటివారు వానప్రస్థమని ఒక ఆశ్రమం చెప్పినారు. మనుమలను చూచిన తరువాత గృహస్థు ఇల్లు కొడుకులకు అప్పగించి అడవికి పోవలెనని ధర్మశాస్త్రం. అంటే విడిచి పోవలసినవారు తల్లిదండ్రులు, ఇంటిలో నిలువవలసినవారు పిల్లలు. ఇప్పుడు క్రమం తలక్రిందులైనది. పిల్లలే పోతున్నారు, మనమే ఉంటున్నాము. కాబట్టి మనకు వానప్రస్థం ఉన్న ఇంటిలోనే చేయవలసి వచ్చినది. భార్యను వెంట తీసికొనిపోవచ్చునని ఆ శాస్త్రమే చెప్పినది. ఇరవై ఐదేండ్లు పిల్లల ఫీజులు, పరీక్షలు, జ్వరాలు తప్ప వేరు మాట ఎరుగని దంపతులు, మళ్ళీ ఇద్దరే ఎదురెదురుగా కూర్చొని ఏమి మాట్లాడుకొనవలెనో నేర్చుకొనుట చిన్న తపస్సు కాదు.

ఇంతగా చెప్పితే పిల్లలకు బాధ్యత లేదని కాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమములకై 2007లో పార్లమెంటు చట్టమే చేసినది. వృద్ధులను ఆకలికి వదలినవారిని చట్టం నిలదీయవలసినదే. కాని చట్టం అన్నం పెట్టించగలదు గాని మాట్లాడించలేదు. ఇది చదివే విద్యార్థులు రేపు బస్సు ఎక్కవలసినవారే. వారికొక మనవి. మీ నాయన “తిన్నావా?” అని అడిగినప్పుడు ఆయనకు తెలియవలసినది భోజనం సంగతి కాదు. ఆయనకు వేరే ప్రశ్న తెలియదు. మీరే ఆడి సంగతి ఒకటి చెప్పండి, ఈడి సంగతి ఒకటి అడగండి.

ఉపాధ్యాయ మిత్రులతో చెప్పవలసినది ఇంకొకటి. మనము ఏటేటా ఒక తరగతిని సాగనంపుతున్నాము. సంవత్సరాంతంలో హాజరు పట్టీ మూసివేస్తాము. పోయినవారు తిరిగి రాలేదని ఎవరి మీదను నిష్ఠురం పెట్టుకొనము. పదేండ్ల తరువాత ఏ బస్టాండులోనో ఒకడు ఎదురుపడి “సార్, బాగున్నారా?” అంటే ఆ పూటంతా సంతోషంగా ఉంటుంది. ఇందరిని ఇంత తేలికగా పంపగలిగిన మనము, ఇంటిలోని ఇద్దరి పట్టీలు మూయలేకపోతున్నాము. ప్రేమ ఎక్కువైనందున అనుకొంటాము. పరుల పిల్లలకు ఇచ్చిన స్వేచ్ఛను సొంత పిల్లలకు ఇయ్యకపోవుట ప్రేమ ఎట్లగును?

పదకొండవ నాటి రాత్రి నేనే కొడుకుకు ఫోను చేసినాను. తిన్నావా అని అడుగలేదు. “ఆడ వాన పడిందా?” అన్నాను. కొంతసేపు వాడు పలుకలేదు. తాత మాట వానికి జ్ఞాపకమున్నది కాబోలు. తరువాత చెప్పనారంభించినాడు. సాయంత్రం పెద్ద వాన పడినదట. రోడ్ల మీద నీళ్ళు నిలిచి ఇల్లు చేరేసరికి తొమ్మిదయినదట. తడిసిన బూట్లు కిటికీలో ఆరబెట్టినాడట. తన ఆఫీసును గూర్చి, గదిలోని స్నేహితుని గూర్చి నేను ఎన్నడూ వినని సంగతులు చాలా చెప్పినాడు. నా భార్య పక్కన కూర్చొని విన్నది. మా కర్నూలులో ఆ దినం వాన లేదు, ఎండ మాత్రం చెప్పదగినంత ఉన్నది. ఆ సంగతి నేను చెప్పినాను.

ఇప్పుడు మా ఇంటిలో అన్నం మిగలడం లేదు. పోయిన నెల ఒక శనివారం రాత్రి వాడు చెప్పకుండా వచ్చినాడు. మేము భోజనం ముగించి ఉన్నాము. నా భార్య మళ్ళీ పొయ్యి వెలిగించవలసి వచ్చినది. ఆ పని ఆమెకు కష్టంగా తోచినట్లు నాకు కనపడలేదు.