ట్రయాథ్లాన్‌కు ముందు ఈత

ఈత, సైకిలు, పరుగు మూడింటినీ వరుసగా ఆగక సాగించు ట్రయాథ్లాన్ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరినది. అచటి దూరములు 1.5, 40, 10 కిలోమీటర్లు. మన విద్యార్థులు తొలి ఏడే వాటిని లక్ష్యముగా పెట్టుకొనుట మాకు సమ్మతము కాదు. అందులో సగము చాలును. అదియు బహుమతికి గాక, పూర్తిచేయుటకు.

సైకిలుకు భీమిలి బీచిరోడ్డు, పరుగుకు రామకృష్ణా బీచి ఉన్నవి. చిక్కంతయు ఈతలోనే. సముద్రపుటొడ్డున పెరిగియు ఈతరానివారము మనలో ఎందరో! ఆ కెరటములలోనే నేర్చుకొందుమనుట ప్రాణములతో చెలగాటము. లోనికి లాగు ప్రవాహములు ఈతగాండ్రనైనను విడువవు. కనుక తొలి ఆరునెలల లక్ష్యము ఈతకొలనులో నిలువక 750 మీటర్లు ఈదుటయే కావలెను.

ఏటేటా కప్పులు కొనెడి కమిటీవారు ఆ సొమ్ములో కొంత కొలను రుసుమునకు, శిక్షకుని వేతనమునకు కేటాయింపవలెనని కోరుచున్నాము. విద్యార్థినులకు ప్రత్యేక వేళలు కూడ.