బడిలో కంప్యూటరు సరే.. బాధ్యత ఎవరిది?

యంత్రం కన్నా పర్యవేక్షణ ముఖ్యమంటున్న తల్లిదండ్రులు

బాపట్ల: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు కంప్యూటరు అవసరమా? జిల్లాలో ఏ పల్లెలో ఈ ప్రశ్న వేసినా వద్దనే తల్లిదండ్రులు అరుదు. మగ్గం గుంటలో కూర్చునే చీరాల నేతకారుడైనా, సముద్రంపై వేటకు వెళ్లే నిజాంపట్నం మత్స్యకారుడైనా, వేమూరు మాగాణుల్లో నాట్లు వేసే కూలితల్లయినా తమ బిడ్డకు కంప్యూటరు రావాలనే కోరుకుంటున్నారు. అయితే ఆ యంత్రం ఎక్కడ ఉండాలి, ఎంతసేపు వాడాలి, చెడిపోతే ఎవరు చూడాలి అన్న విషయాల వద్దే వారి ఆలోచన ఒక దారి, ప్రభుత్వాల ఆచరణ మరో దారి అవుతోంది. 2008 నుంచి ఇప్పటివరకు సర్కారు బడులకు విడతలవారీగా యంత్రాలు వచ్చాయి. ప్రతిసారీ యంత్రాలను లెక్కపెట్టారు. తల్లిదండ్రుల మాట మాత్రం లెక్కలోకి రాలేదు.

బడిలో ధీమా.. ఇంట్లో దిగులు

తల్లిదండ్రుల అభిప్రాయాలను ఒకచోట చేర్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. కంప్యూటరు బడిలో, ఉపాధ్యాయుని కళ్లెదుట ఉంటే వారికి ధీమా. అదే పరికరం పుస్తకాల సంచిలో ఇంటికి వస్తే దిగులు. కారణం చదువుపై అనాసక్తి కాదు. నాట్ల రోజుల్లో తల్లి తెల్లవారకముందే కూలికి వెళితే పొద్దు వాలాక గాని ఇంటికి చేరదు. తండ్రి వేటకు వెళితే ఎప్పుడు తిరిగి వస్తాడో చెప్పలేని పరిస్థితి. ఆ సమయంలో పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడు తెరపై పాఠం చూస్తున్నాడా, ఆట ఆడుతున్నాడా అన్నది చూసేవారే ఉండరు. చూసినా తేల్చుకోగల పరిజ్ఞానం చాలామందికి లేదు. పట్టణాల్లోని చదువుకున్న తల్లిదండ్రులు పరికరానికి తాళం వేయగలరు. ఆ తాళం చెవి ఎక్కడుందో పల్లె తల్లికి తెలియదు. ఒకే పరికరం రెండు ఇళ్లలో రెండు రకాలుగా పనిచేయడానికి ఇదే కారణం.

అందరి మాటా ఒకటే అనుకోవడానికీ వీల్లేదు. ప్రైవేటు బడులకు దీటుగా సర్కారు బడి నిలవాలంటే ప్రతి పిల్లవాడి చేతిలో పరికరం ఉండాల్సిందేనని వాదించే వారున్నారు. పదో తరగతి దాకా పుస్తకం, పలక చాలునని, చేతిరాత దెబ్బతింటోందని ఆవేదన చెందే వారూ ఉన్నారు. ఈ రెండు కొసల మధ్యనున్న అధిక సంఖ్యాకులు అడుగుతున్నది పర్యవేక్షణ మాత్రమే.

ట్యాబ్‌లు నేర్పిన పాఠం

ఈ విషయంలో జిల్లాకు ప్రత్యేక అనుభవం ఉంది. 2022 డిసెంబరు 21న నాటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్‌మోహన్‌రెడ్డి ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీని వేమూరు నియోజకవర్గంలోని యడ్లపల్లిలోనే ప్రారంభించారు. ఆ విడతలో రాష్ట్రవ్యాప్తంగా 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు ట్యాబ్‌లు కేటాయించారు. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో మొదలైన రెండో విడతలో 4,34,185 ట్యాబ్‌లు ఇచ్చారు. బైజూస్ సంస్థ పాఠాలను ముందుగానే అందులో నింపారు.

ఈ పథకం వల్ల మేలు జరగలేదనడం సరికాదు. అంతర్జాలం లేకున్నా పాఠం తెరుచుకునేది. అర్థంకాని లెక్కను పదిసార్లు వినే వీలు కలిగింది. జ్వరంతో బడి మానిన పిల్లలు వెనుకబడిన పాఠాన్ని ఇంట్లో చూసుకున్నారు. అయితే పాఠాలు తప్ప మరేదీ తెరుచుకోకుండా వేసిన తాళాలను కొందరు విద్యార్థులు తేలిగ్గానే తీసేశారు. తాళం తీయడం పిల్లలకు తెలిసినంత త్వరగా, తీశారన్న సంగతి తల్లిదండ్రులకు తెలియలేదు. తెర పగిలిన ట్యాబ్ బాగుచేయించే దాకా పిల్లవాడి పాఠాలు అటకెక్కాయి.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జులైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. కొత్త విద్యార్థులకు ట్యాబ్‌లు రాలేదు. తొలి విడతలో ట్యాబ్ అందుకున్న పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి బడి దాటారు. వారి చదువుకు ఆ పరికరం ఎంతవరకు ఉపకరించిందో ఊరూరా తల్లిదండ్రులను కూర్చోబెట్టి అడిగిన సందర్భం లేదు. పథకాన్ని మెచ్చేవారు, విమర్శించేవారు రాజకీయ వేదికలపై మాట్లాడారే తప్ప ఇంట్లో దానిని భరించిన తల్లి మాట ఎవరికీ వినిపించలేదు.

అప్పుడూ ఇదే తీరు

కథ ట్యాబ్‌లతో మొదలు కాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు విద్యను ప్రారంభించారు. ప్రైవేటు సంస్థలే యంత్రాలు సమకూర్చి, బోధకులను నియమించి, ఐదేళ్ల తర్వాత ప్రభుత్వానికి అప్పగించాలన్నది ఒప్పందం. 2013లో గడువు తీరింది. యంత్రాలు బడికి మిగిలాయి. స్వల్ప వేతనాలపై పనిచేసిన బోధకులు మాత్రం రోడ్డున పడ్డారు. నేర్పేవారు లేక చాలాచోట్ల కంప్యూటరు గదికి తాళం పడింది. అప్పట్లో తాళం పడిన గది చూసి బాధపడిన తల్లిదండ్రులే, తర్వాత తాళం తీసిన ట్యాబ్ చూసి భయపడాల్సి వచ్చింది. రెండు సందర్భాల్లోనూ లోపించింది పిల్లవాడి పక్కన నిలబడే మనిషి.

తల్లిదండ్రులకు ఎంపిక అవకాశం ఇస్తామన్న సందర్భం ఒకటుంది. 2021 జనవరిలో అమ్మఒడి రెండో విడత సమయంలో, తొమ్మిది నుంచి ఇంటర్ వరకు చదివే పిల్లల తల్లులు మరుసటి ఏడాది నగదుకు బదులు ల్యాప్‌టాప్ కోరుకోవచ్చని ప్రకటించారు. అది అమలుకు నోచుకోలేదు. దాని స్థానంలో ఎనిమిదో తరగతికి ట్యాబ్ వచ్చింది. అప్పుడు మాత్రం కావాలా, వద్దా అని తల్లులను అడగలేదు.

ఆడపిల్లలకు బడే ఆధారం

పరికరాలపై భయంతో బడి నుంచీ వాటిని తొలగించమంటే నష్టపోయేది ముందుగా ఆడపిల్లలే. గ్రామీణ ప్రాంతాల్లో ప్రథమ్ సంస్థ జరిపిన అసర్-2024 సర్వే ప్రకారం దేశంలో 14-16 ఏళ్ల బాలురలో 85.5 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. బాలికల్లో అది 79.4 శాతం. వాడటం తెలిసిన వారిలో సొంత ఫోను ఉన్న బాలురు 36.2 శాతం కాగా బాలికలు 26.9 శాతమే. మన ఇళ్లలోనూ కొడుకు చేతికి ఫోను ఇచ్చినంత తేలిగ్గా కూతురికి ఇవ్వరన్నది అందరికీ తెలిసిందే. అలాంటి పిల్లకు కంప్యూటరు మీట నొక్కే అవకాశం బడిలో తప్ప మరెక్కడా దొరకదు.

అదే సర్వేలో మరో అంకె తల్లిదండ్రుల దిగులుకు బలం చేకూరుస్తోంది. ఫోను వాడటం తెలిసిన ఆ వయసు పిల్లల్లో అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం. సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. పర్యవేక్షణ లేనిచోట పిల్లలు ఎటు మొగ్గుతారో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

పరిశోధనలదీ అదే మాట

ఊరి తల్లిదండ్రుల అనుభవాన్ని పరిశోధనలు కూడా బలపరుస్తున్నాయి. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు పెద్ద ఎత్తున ల్యాప్‌టాప్‌లు పంచారు. ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు 2012లో వెలువరించిన అధ్యయనంలో గణితంలోగాని, భాషలోగాని వారికి మెరుగుదల కనిపించలేదు. ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఢిల్లీలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలపై ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం జరిపిన పరిశోధన 2019లో ప్రచురితమైంది. బడి వేళల తర్వాత నడిచే కేంద్రాల్లో రోజూ 45 నిమిషాలు కంప్యూటరుపై సాధన, మరో 45 నిమిషాలు చిన్న బృందాలకు బోధన సాగింది. నాలుగున్నర నెలల్లోనే వారు గణితంలో సాధించిన ప్రగతి ఇతర పిల్లలతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అక్కడ యంత్రం ప్రతి పిల్లవాడి స్థాయిని గుర్తించి లెక్క ఇచ్చింది. మనిషి పక్కనే ఉన్నాడు. వేళ నిర్ణీతం. పెరూలో పరికరం ఇచ్చి వదిలేశారు. తేడా అంతా అక్కడే ఉంది.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల దశలోనే కోడింగ్ పరిచయం చేయాలని నిర్దేశించింది. కనుక కంప్యూటరు బడికి రావడం అనివార్యం. ఎలా రావాలన్నదే తేలాల్సిన విషయం.

కేరళలో తల్లులకూ శిక్షణ

కేరళ ఈ దిశగా 2001లోనే అడుగు వేసింది. ఐటీ@స్కూల్ పేరిట మొదలై, ప్రస్తుతం కైట్‌గా పిలిచే ప్రభుత్వ సంస్థ ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి కంప్యూటరు పాఠాన్ని బడిలో భాగం చేసింది. ఒప్పందం ముగిస్తే బోధకుడు మాయమయ్యే పరిస్థితి అక్కడ రాలేదు. 2022లో మరో మెట్టు ఎక్కి, అంతర్జాలంలో పొంచి ఉన్న ప్రమాదాలపై తల్లులకు తరగతులు నిర్వహించింది. లిటిల్ కైట్స్ విద్యార్థి బృందాలను ఇందులో భాగస్వాములను చేసింది. తల్లికి తెలిస్తేనే బిడ్డను కాపాడగలదన్న చిన్న సూత్రం అక్కడ పథకంగా మారింది.

కమిటీలు నోరు విప్పాలి

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల సభ్యులు తల్లిదండ్రులే. సగం మంది మహిళలు ఉండాలి. 2024 డిసెంబరు 7న మెగా తల్లిదండ్రుల సమావేశం రాష్ట్రవ్యాప్తంగా జరిగినప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు హాజరైంది బాపట్ల పురపాలక ఉన్నత పాఠశాలకే. వేదిక ఉంది, చట్టం ఉంది. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు ఇవీ:

* కంప్యూటరు గంట కాలపట్టికలో ఉందా? వారానికి ఎన్నిసార్లు?
* నేర్పే ఉపాధ్యాయుడు ఎవరు? ఆయన బదిలీ అయితే తర్వాత ఎవరు?
* యంత్రం చెడితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? ఖర్చు ఏ పద్దులోది?
* పరికరం ఇంటికి పంపితే తల్లిదండ్రుల అంగీకారం తీసుకుంటారా? ఇష్టంలేని వారు బడిలోనే ఉంచుకోవచ్చా?
* ఏడాదికి ఒక్క పూటయినా తల్లులకు అవగాహన తరగతి పెడతారా?

ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. కేంద్ర విద్యాశాఖ యూడైస్ 2024-25 లెక్కల ప్రకారం దేశంలో 64.7 శాతం పాఠశాలలకు కంప్యూటర్లు చేరాయి. ఎన్ని బడుల్లో యంత్రం ఉందో చెప్పే ఈ లెక్క, దాని ముందు కూర్చున్న పిల్లవాడి పక్కన ఎవరున్నారో చెప్పదు. ఆ లెక్క రాయాల్సింది ఊళ్లోని కమిటీలే. వచ్చే సమావేశంలోనైనా హాజరు పట్టీలో సంతకంతో సరిపెట్టకుండా తల్లిదండ్రులు ఈ ప్రశ్నలు అడగాలి. వాటికి వచ్చిన జవాబులను ప్రధానోపాధ్యాయులు తీర్మాన పుస్తకంలో నమోదు చేయాలి. మరో విడత యంత్రాలు కొనేముందు అధికారులు ఆ పుస్తకాలను తిరగేస్తే ప్రజాధనానికీ, పిల్లల చదువుకూ మేలు జరుగుతుంది.