చికెన్ తినొచ్చా అన్నది చిన్న ప్రశ్న



2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరులో, తణుకు మండలం వేల్పూరులో కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఉందని భోపాల్ ల్యాబ్ తేల్చింది. ఆ తర్వాత మన క్లాసు గ్రూపులన్నింటిలో ఒకటే మెసేజ్ తిరిగింది: "పిల్లలకు చికెన్ పెట్టొచ్చా, మానేయాలా?" ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల బండ్లను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. చికెన్ ధర పడిపోయింది. భయం పోగొట్టడానికి కొన్ని పట్టణాల్లో పౌల్ట్రీ వాళ్లు ఉచిత చికెన్ మేళాలు పెడితే జనం బారులు తీరారు. ఒక వారం భయం, మరో వారం ఉచిత లెగ్ పీస్. ఆ తర్వాత అందరం మర్చిపోయాం.

అంతకు ముందు ఏడాది, 2024 ఫిబ్రవరిలో, ఇదే జబ్బు నెల్లూరు జిల్లా కోళ్లలో వచ్చింది. అంటే వరసగా రెండేళ్లు సంక్రాంతి వెళ్లిన కొద్ది వారాలకే. వలస పక్షులు మన చెరువుల మీద వాలే కాలం కూడా ఇదే. ఇప్పుడు మళ్లీ సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఈ సంగతి ముందే మాట్లాడుకుందామని రాస్తున్నాను.

ముందు ఆ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. తినొచ్చు. ఈ వైరస్ 70 డిగ్రీల వేడికి చచ్చిపోతుంది. మన కూర ఉడికేది అంతకంటే చాలా ఎక్కువ వేడిలో. ఎముక దగ్గర ఎర్రగా, పచ్చిగా లేకుండా ఉడికితే చాలు. గుడ్డు పూర్తిగా ఉడికించి పెట్టండి. హాఫ్ బాయిల్, బుల్స్ ఐ, పాలల్లో పచ్చి గుడ్డు కొట్టి తాగించడం లాంటివి పిల్లలకు మానేయండి. (పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించింది. అది వేరే క్రిములకు భయపడి తీసుకున్న నిర్ణయమే అయినా, జాగ్రత్త ఒకటే.) గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రంలో ఉండి, ఎదిగే పిల్లలకు నెలల తరబడి గుడ్డు మాన్పించడం వల్ల లాభమేమీ లేదు.

అయితే మన భయమంతా పళ్లెం మీదే పెట్టుకుని, అసలు ప్రమాదం ఉన్న చోటును వదిలేస్తున్నామని నా అభిప్రాయం.

ఈ హెచ్5ఎన్1 వైరస్ పక్షి నుంచి మనిషికి వచ్చి ప్రాణం తీయగలదని ప్రపంచానికి మొదట తెలిసింది 1997లో, హాంకాంగ్‌లో. మొదట చనిపోయింది మూడేళ్ల బాబు. ఆ ఏడాది మొత్తం 18 మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. చివరికి అక్కడి ప్రభుత్వం ఊళ్లోని కోళ్లన్నింటినీ, పది లక్షలకు పైగా, కొన్ని రోజుల్లో చంపించింది. 2003 నుంచి ఇప్పటివరకు పాతిక దేశాల్లో వెయ్యి మందికి కాస్త తక్కువగా ఈ జబ్బు వచ్చినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో దాదాపు సగం మంది బతకలేదు. తేలికగా వచ్చి పోయిన కేసులు లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు కాబట్టి నిజమైన నిష్పత్తి ఇంతకంటే తక్కువే కావచ్చు. అలా అనుకున్నా చిన్న సంఖ్యేమీ కాదు.

మరి ఇన్నేళ్లలో వెయ్యి మందితోనే ఎందుకు ఆగింది? టెన్త్ పిల్లలకు నేను దీన్ని తాళంచెవి లెక్కన చెబుతాను. ప్రతి ఫ్లూ వైరస్ దగ్గరా ఒక తాళంచెవి ఉంటుంది. పక్షి ఫ్లూ తాళంచెవికి సరిపోయే తాళాలు మనిషి ముక్కులో, గొంతులో చాలా తక్కువ. ఎక్కువగా ఊపిరితిత్తుల లోతుల్లో ఉన్నాయి. అందుకే వైరస్ బాగా ఎక్కువ మోతాదులో లోపలికి వెళితే తప్ప అంటుకోదు. అంటుకుంటే మాత్రం నేరుగా ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. లోతుల్లో ఉండిపోతుంది కాబట్టి తుమ్ముతో, దగ్గుతో పక్కవాడికి సులువుగా వెళ్లలేదు. ఇప్పటిదాకా మనల్ని కాపాడుతున్నది ఇదే.

ఆ తాళంచెవి మారకూడదని ఎక్కడా రాసిలేదు. 1957లోనూ 1968లోనూ ప్రపంచాన్ని చుట్టిన ఫ్లూలు రెండూ మనుషుల ఫ్లూ, పక్షుల ఫ్లూ కలిసి జన్యువులు మార్చుకోవడం వల్ల పుట్టినవే. రెండు రకాల వైరస్‌లు ఒకే శరీరంలో ఒకేసారి ఉంటే ఈ మార్పిడి జరగొచ్చు. పైగా ఈ వైరస్ కొత్త ఇళ్లు వెతుక్కుంటోంది. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవుల్లో కనిపించింది. అంతకు ముందు ఆవులకు ఇది వస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు. అక్కడ డెయిరీల్లో, కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా, డెబ్బై మంది దాకా దీని బారిన పడ్డారు. చాలామందికి కళ్లు ఎర్రబడి తగ్గిపోయింది. 2025 జనవరిలో ఒకరు చనిపోయారు. ఇటు మన పక్కనే నాగ్‌పూర్ గోరెవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత ఇదే వైరస్‌తో చనిపోయాయి.

ఇక మన ఇంటి సంగతి. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. హెచ్5ఎన్1 అని పుణే ల్యాబ్ నిర్ధారించింది. కోడిమాంసం కోస్తున్నప్పుడు పచ్చి ముక్క ఒకటి పాప నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్లు చెప్పినట్టు అప్పుడు వార్తల్లో వచ్చింది. అదే మాంసం వండుకుని తిన్న మిగతావాళ్లకు ఏమీ కాలేదు. ఆ కుటుంబాన్ని తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. మన వంటింట్లో కత్తిపీట పక్కన ఎన్నిసార్లు పిల్లలు కూర్చోలేదు? కానీ వండినదానికీ పచ్చిదానికీ తేడా ఏమిటో ఆ ఒక్క సంఘటన చెప్పినంత గట్టిగా ఏ పాఠమూ చెప్పదు.

కాబట్టి మీరు చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. మొదటిది చికెన్ షాపు. ఆదివారం పొద్దున నాన్న బండి ముందు కూర్చుని షాపుకి వెళ్లడం పిల్లలకు సరదా. అక్కడ బోనుల్లో కోళ్లు, కోసి డ్రమ్ములో పడేసినవి రెక్కలు కొట్టుకోవడం, ఈకలు పీకే యంత్రం, గాల్లో తుంపర, కింద నెత్తురు కలిసిన నీళ్లు. పచ్చిగా, ఎక్కువ మోతాదులో, దగ్గరగా అని ఇంతకు ముందు చెప్పానే, అదంతా అక్కడే ఉంటుంది. పిల్లల్ని దయచేసి తీసుకెళ్లకండి. మీరు వెళ్లివచ్చాక చెప్పులు బయటే వదిలి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే చంటిపిల్లల్ని ఎత్తుకోండి.

రెండోది సింకు. పసుపు, ఉప్పు వేసి మూడు నీళ్లు పోస్తే తప్ప మనకు చికెన్ శుభ్రమైనట్టు అనిపించదు. మానమంటే మీరు మానరు, మా ఇంట్లోనూ మానరు. కనీసం పంపు ధారగా విప్పి దాని కింద కడగొద్దు, చుట్టూ చిందుతుంది. గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, ఆ చోటంతా సబ్బుతో తుడవండి. అదే కత్తితో, అదే చెక్క మీద టమాటా, కీరా కోయకండి.

మూడోది సంక్రాంతి. గోదావరి జిల్లాల్లో అమ్మమ్మగారి ఊరు ఉన్న పిల్లలు మన స్కూళ్లలో చాలామందే. పందేలు చట్టం ఒప్పుకోదన్న సంగతి పక్కన పెట్టినా, పందెం కోడిని చంకలో పెట్టుకుని ఫోటో దిగని పిల్లవాడు తక్కువ. 2004లో థాయిలాండ్‌లో పందెం కోళ్లు పెంచే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఈ జబ్బుతోనే చనిపోయాడు. కోడిని ముద్దుచేయడం, దాని ముక్కూ నోరూ తుడవడం, గాయాలకు మందు రాయడం పెద్దవాళ్లకే ప్రమాదం. దొడ్లో నాటుకోళ్లు ఉన్నట్టుండి నాలుగైదు చచ్చిపోతే, "తెగులు తగిలింది, పాడైపోకముందే కోసేద్దాం" అనే మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. కోయకూడదు, తినకూడదు, పిల్లల చేత తీయించి పారేయించకూడదు. పశువైద్యశాలకు కబురు చెయ్యాలి. చెబితే ఉన్న కోళ్లన్నీ తీసుకుపోతారని అమ్మమ్మ భయపడుతుంది. ఆ భయం నిజమైనదే. మనవడి గురించి చెబితే వింటుంది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన మాట. ఇది కోళ్ల గురించి కాదు, మన గురించి. స్కూలు పత్రికలో రాయడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది కానీ రాస్తాను.

పొద్దున జ్వరం. పారాసెటమాల్ సిరప్ పట్టించి, నుదురు చల్లబడగానే యూనిఫాం తొడిగి బస్సెక్కించడం. మూడో పీరియడ్‌కి మళ్లీ ఒళ్లు కాలుతూ బెంచీ మీద తల వాల్చడం. ప్రతి సెక్షన్‌లో ప్రతి వారం ఇలాంటి పిల్లలు ఉంటారు. మీకు పిల్లల మీద ప్రేమ లేక కాదు. వీక్లీ టెస్ట్ పోతుందని, ర్యాంకు తగ్గుతుందని, ఏడాది చివర నూరు శాతం హాజరు సర్టిఫికెట్ రాదని, ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఇంట్లో ఎవరూ ఉండరని. నలభై మంది తలుపులు మూసి ఏసీలో కూర్చునే గదికి ఫ్లూ ఉన్న బిడ్డ వస్తే ఏమవుతుందో 2009లో స్వైన్ ఫ్లూ అప్పుడు చూశాం. ఆ ఆగస్టులో దేశంలో మొదట చనిపోయింది పుణేలో పద్నాలుగేళ్ల స్కూలు అమ్మాయి. ఆ ఊళ్లో బళ్లు మూతబడ్డాయి.

ఏదో ఒక రోజు పక్షి ఫ్లూ తాళంచెవి మార్చుకుంటే, అది ముందుగా పరీక్షించేది ఇలాంటి గదుల్నే. మామూలు ఫ్లూ ఎంత తక్కువగా తిరిగితే ఆ రెండూ ఒకే ఒంట్లో కలిసే అవకాశం అంత తగ్గుతుంది. అందుకే నూరు శాతం హాజరు బహుమతి తీసేయాలని నా కోరిక. జ్వరంతో టెస్ట్ రాయలేకపోయిన పిల్లలకు, డాక్టర్ చీటీ అడిగి విసిగించకుండా, మళ్లీ రాసే అవకాశం ఉండాలి. మీరూ అదే అనుకుంటే వచ్చే పేరెంట్స్ మీటింగులో ఆ మాట అనండి. ఫీజు కట్టేవాళ్లు అడిగితే త్వరగా వినిపిస్తుంది. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు మెస్‌లో గుడ్డు ఆపమని అడిగేకంటే, పచ్చి మాంసం ఎక్కడ కోస్తున్నారు, జ్వరం వచ్చిన పిల్లలకు వేరే గది ఉందా అని అడగడం మేలు.

ఏటా వేయించే ఫ్లూ టీకా గురించి మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. అది బర్డ్ ఫ్లూని ఆపదు, మామూలు ఫ్లూని తగ్గిస్తుంది. పక్షుల దగ్గర మసిలిన వారం పది రోజుల్లో పిల్లలకు జ్వరం, దగ్గు, ఆయాసం, కళ్లు ఎర్రబడటం లాంటివి వస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, "ఊళ్లో కోళ్లతో ఆడాడు" అని మీరే ముందు చెప్పండి. డాక్టర్ అడిగేదాకా చూడకండి. ఓసెల్టామివిర్ మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. సొంతంగా కొని వేయకండి.

సెలవుల తర్వాత మొదటి రోజు నేను నా క్లాసులో పిల్లల్ని ఒకటి అడుగుతాను: ఊళ్లో కోళ్లు గానీ, కాకులు గానీ చనిపోయి కనిపించాయా అని. సాయంత్రం ఇంటికొచ్చి వాళ్లు ఆ మాట చెబితే కంగారు పడకండి. జవాబు అవునైతే మాత్రం నాకొక ఫోన్ చేయండి.