ఓడిన పందేనికే కారణాలు

మా వీధి చివర టీ కొట్టు ఐపీఎల్ రోజుల్లో రాత్రి పదకొండు దాటినా మూయరు. నిరుడు అలాంటి ఒక రాత్రి చివరి ఓవర్లో బౌండరీ దగ్గర క్యాచ్ జారిపోయింది. బెంచీ మీద నా పక్కన కూర్చున్న కుర్రాడు ఫోన్ బోర్లించి పెట్టేశాడు. నా స్నేహితుడి కొడుకు, డిగ్రీ అయి రెండేళ్లు. “ఫిక్సింగ్ బాబాయ్, పక్కా ఫిక్సింగ్. అంత తేలిక క్యాచ్ ఎవడైనా వదిలేస్తాడా?” అన్నాడు. రేపటి మ్యాచ్ సంగతేమిటని అడిగాను. “రేపు మన హైదరాబాద్‌ది కదా, అది వేరు” అన్నాడు.

ఆ రెండు మాటలూ ఒకే మనిషి నోట, అరనిమిషం తేడాలో వచ్చాయి. ఆట ముందే అమ్ముడుపోయిందని నిజంగా నమ్మినవాడు మర్నాడు దాని మీద రూపాయి కాయడు. కాస్తున్నాడంటే ఆ ఆరోపణకి ఇంకేదో పని ఉంది. నా అంచనా సరైనదే, ఎవరో చెడగొట్టారు అని తనకు తాను నచ్చజెప్పుకోవడమే ఆ పని. పందెం రాయుళ్ల ఫిర్యాదులన్నీ, ఫిక్సింగ్, అంపైర్, టాస్, మంచు, అన్నీ చేసేది ఇదే. పోయిన డబ్బు లెక్కలోకి రాకుండా అవి అడ్డం పడతాయి. అవి ఉన్నంతకాలం పందెం ఆగదు.

అభిమానికి ఫిర్యాదు చేసే హక్కు లేదని నేననను. 2019 మార్చి 28న బెంగళూరులో ముంబయి బౌలర్ మలింగ వేసిన ఆఖరి బంతి నోబాల్. అంపైర్ చూడలేదు, ముంబయి 6 పరుగుల తేడాతో గెలిచింది. దేశమంతా మండిపడింది. మరుసటి ఏడాది ఐపీఎల్‌లో నోబాల్ చూసే బాధ్యత టీవీ అంపైర్‌కు అప్పగించారు. ఆట బాగుండాలని కోరుకునేవాడి కోపం ఆటను బాగుచేస్తుంది. డబ్బు పోయినవాడి కోపం మాత్రం ఆటగాణ్ని బాకీదారుగా చూస్తుంది. 2025లో ఇంగ్లండ్‌తో ఓవల్ టెస్టు నాలుగో రోజున మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్ క్యాచ్ పట్టాడు, కాలు బౌండరీ కుషన్‌కు తగిలింది, సిక్స్ అయింది. అప్పటికి 19 మీద ఉన్న హ్యారీ బ్రూక్ 111 కొట్టాడు. మర్నాడు ఆగస్టు 4 ఉదయం అదే సిరాజ్ అట్కిన్సన్ స్టంపు పడగొట్టి 6 పరుగుల తేడాతో ఇండియాను గెలిపించాడు. అభిమానికి ఆ రెండు రోజులూ ఒకే కథ. నాలుగో రోజు డబ్బు పోగొట్టుకున్నవాడికి ఆ కుషన్ దగ్గరే కథ అయిపోతుంది, సిరాజ్ దొంగగా మిగిలిపోతాడు. మన గల్లీల్లోంచి ఎదిగినవాణ్ని ఇలా చూడాల్సి రావడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఫిక్సింగ్ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 2000లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే బండారం బయటపడింది. అదే ఏడాది చివర మన అజారుద్దీన్‌పై బోర్డు జీవితకాల నిషేధం విధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. 2013లో ఐపీఎల్ ఆటగాళ్ల అరెస్టులు, ఆ తర్వాత చెన్నై, రాజస్థాన్ జట్లపై రెండేళ్ల సస్పెన్షన్ చూశాం. 2010 లార్డ్స్ టెస్టులో డబ్బు తీసుకుని నోబాల్స్ వేసిన కేసులో ముగ్గురు పాకిస్తాన్ ఆటగాళ్లు 2011లో జైలుకు వెళ్లారు. అక్కడ ఫిక్సయినవి మూడంటే మూడు బంతులు. ఎవరూ గమనించని చోట, ఫలితంతో సంబంధం లేకుండా జరిగిన పని అది. మన కుర్రాడు అనుమానిస్తున్నది కోట్లమంది కళ్లప్పగించి చూస్తున్న ఆఖరి ఓవర్ క్యాచ్‌ని.

ఈ నమ్మకం మనిషిని ఎక్కడికి తీసుకెళ్తుందో 2023లో హైదరాబాద్‌లోనే కనబడింది. లోపలి సమాచారం చెప్పమంటూ ఒక మనిషి సిరాజ్‌కు సందేశం పంపాడు. సిరాజ్ వెంటనే బోర్డు అవినీతి నిరోధక విభాగానికి చెప్పాడు. ఆరా తీస్తే అతను బుకీ కాదని తేలింది. బెట్టింగ్‌లో బాగా పోగొట్టుకున్న ఒక డ్రైవర్. ఎవరికో ముందే తెలుసు, ఆ తెలిసినవాడు దొరికితే పోయిందంతా తిరిగొస్తుంది అన్నది అతని ఆశ. ఫిక్సింగ్ అని తిట్టేవాళ్లలో చాలామంది మనసులో ఉన్నది కూడా ఇదే. ఫిక్సింగ్ మీద వాళ్లకు అసహ్యం కంటే, అందులో తమకు చోటు దొరకలేదన్న బాధే ఎక్కువ.

ఇంతకీ బుకీకి మ్యాచ్ కొనాల్సిన అవసరం ఏముంది? టాస్ మీద పందెం చూడండి. వెయ్యి కాస్తే, గెలిచినప్పుడు 900 ఇస్తారు, ఓడితే వెయ్యీ పోతుంది. పదిసార్లు కాసి ఐదు గెలిచారనుకుందాం. వచ్చింది 4,500, పోయింది 5,000. మీ జోస్యం సగం నిజమైంది, జేబులోంచి మాత్రం 500 వెళ్లిపోయింది. ఈ రేటులో నష్టం లేకుండా బయటపడాలంటే వందకు 53 సార్లు గెలవాలి. టాస్‌లో ఆ మూడు ఎక్కడినుంచి తెస్తారు?

సెషన్ పందెం ఇంకా మెత్తగా కోస్తుంది. ఆరు ఓవర్లకు 48-50 పరుగులని బుకీ రేటు చెబుతాడు. 50 వస్తాయన్నవాడు 50, ఆపైన వస్తే గెలుస్తాడు. రావన్నవాడు 47 లోపు ఆగితే గెలుస్తాడు. 48, 49 దగ్గర ఆగితే ఇద్దరి డబ్బూ బుకీదే. “ఒక్క పరుగులో పోయింది బాబాయ్” అని ఆ కుర్రాడు నాతో ఎన్నిసార్లు అన్నాడో. ఆ ఒక్క పరుగు అతని దురదృష్టమనుకున్నాడు. అది బుకీ ముందే కొలిచి పెట్టుకున్న సందు.

క్రికెట్ తెలిసినవాడు బెట్టింగ్‌లో గెలుస్తాడనేది అన్నిటికంటే బలంగా పాతుకున్న భ్రమ. మన కుర్రాళ్లకు క్రికెట్ బాగా తెలుసు, అందులో అబద్ధం లేదు. ఏ బౌలర్ నకుల్ బాల్ ఎప్పుడు వేస్తాడో చెప్పగలరు. కానీ వాళ్లకు తెలిసింది బుకీకీ తెలుసు. అది రేటులో అప్పటికే కలిసిపోయి ఉంటుంది. బలమైన జట్టు గెలుస్తుందని అందరూ అనుకున్నప్పుడు రేటు 40 పైసలకు పడిపోతుంది. వంద పెడితే నలభై. ఆ రేటుకు అసలు దక్కాలంటేనే పదిసార్లలో ఏడుసార్లకు మించి మీ మాట నిజం కావాలి. ఎవరు గెలుస్తారో తెలియడం ఒకటి, ఆ ధరకు కొనడం గిట్టుబాటా కాదా అన్నది ఇంకొకటి. రైతుకు టమాటా గురించి అన్నీ తెలుసు, అయినా మార్కెట్ ధర ముందు ఆ తెలివి అక్కరకు రాదు కదా.

ఈ భ్రమకి కోర్టు మాటను కూడా అడ్డం పెట్టుకున్నారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, 1960ల చివర్లో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అని సుప్రీంకోర్టు తేల్చింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి అంది. అదే తీర్పులో, పందెం సొమ్ము మీద క్లబ్బు లాభం చేసుకుంటే అది నేరం కావచ్చనీ అంది. ఆ రెండో సగం ఎవరూ చెప్పరు. “నైపుణ్యం” అన్న ఒక్క మాట మాత్రం డబ్బు ఆటల ప్రకటనల్లో తిరిగింది. నైపుణ్యం ఉన్న ఆట అంటే నీకు నైపుణ్యం ఉందని కాదు, ఉన్నా లాభం వస్తుందని అసలే కాదు.

ఇక “ఈసారి రావాలి”, “ఫామ్‌లో ఉన్నాడు” అన్న రెండు మాటలు. ఇవి ఒకదానికొకటి పొసగవు, అయినా ఒకే పందెంలో రెండూ వినిపిస్తాయి. 2023 నవంబరు 19 ప్రపంచ కప్ ఫైనల్ మొదలు ఇండియా వరసగా 20 వన్డేల్లో టాస్ ఓడింది. ముగ్గురు కెప్టెన్లు మారినా మారలేదు. చివరికి 2025 డిసెంబరు 6న మన విశాఖలో కెప్టెన్ రాహుల్ టాస్ గెలిచాడు. వరసగా 20 ఓడే అవకాశం సుమారు పది లక్షల్లో ఒకటి. అయితే 19 ఓడిన తర్వాత ఇరవయ్యోది ఓడే అవకాశం మాత్రం సరిగ్గా సగమే. నాణేనికి నిన్నటి సంగతి గుర్తుండదు. పదో టాస్ దగ్గరే “ఇక మనదే” అని పందెం పెంచినవాడు పదకొండోది, పన్నెండోది కూడా చూడాల్సి వచ్చింది. మధ్యలో జరిగిన చాంపియన్స్ ట్రోఫీలో ఐదు మ్యాచ్‌ల్లో ఐదు టాస్‌లూ ఓడి, మ్యాచ్‌లు మాత్రం ఐదూ గెలిచి కప్పు తెచ్చారు. టాస్ ఓడితే మ్యాచ్ పోయినట్టే అనే ఫిర్యాదుకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఫామ్ సంగతి ఉప్పల్‌లోనే చూశాం. 2025 మార్చి 23న సన్‌రైజర్స్ 286 కొట్టింది. 300 కొట్టడం ఎప్పుడన్నదే ప్రశ్న అని ఊరంతా అనుకుంది. ఆ తర్వాత వరసగా నాలుగు ఓడింది. ఇక పని అయిపోయిందనుకున్నప్పుడు, ఏప్రిల్ 12న పంజాబ్ పెట్టిన 246 లక్ష్యాన్ని ఇంకా 9 బంతులుండగానే కొట్టేసింది. అభిషేక్ 141. అంతకు ముందు ఐదు మ్యాచ్‌ల్లో అతను పాతిక కూడా దాటలేదు. టీ20 అంటేనే ఇంత ఊగిసలాట. ఇందులో రెండు మ్యాచ్‌లు చూసి మూడోది చెప్పగలననుకోవడం గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందేలకు కుక్కుట శాస్త్రం తిరగేసి, ఈ రోజు డేగ మీద నెమలి గెలుస్తుందని చెప్పడం లాంటిదే. నెమలి ఓడిపోతే శాస్త్రం తప్పని బరిలో ఎవరూ అనరు. కత్తి సరిగా కట్టలేదంటారు.

ఇప్పుడు ఆ కుర్రాడి నోటు పుస్తకం గురించి. “నేను ఎక్కువే గెలుస్తాను బాబాయ్” అంటే, అయితే ఒక సీజన్ రాసి చూపించమన్నాను. 200 పేజీల పొడుగు పుస్తకం కొని నాలుగు గడులు గీసుకున్నాడు: తేదీ, కాసింది, వచ్చింది లేదా పోయింది, ఎందుకు. సీజన్ అయ్యాక తెచ్చి నా ముందు పెట్టాడు. నేను మొదట చూసింది నాలుగో గడి. పోయిన ప్రతి పందెం పక్కనా ఏదో ఒకటి రాసి ఉంది. అంపైర్స్ కాల్. మంచు పడింది. రెండో ఓవర్లో రనౌట్. ఫిక్సింగ్. గెలిచిన పందేల పక్కన ఆ గడి పూర్తిగా ఖాళీ. గెలుపుకి కారణం అడగాలని అతనికి ఒక్కసారీ తోచలేదు. అవతలి జట్టు క్యాచ్ వదిలినందుకే గెలిచిన రోజులు కూడా ఉండే ఉంటాయి. అవి అతని తెలివి ఖాతాలో పడ్డాయి.

థామస్ గిలోవిచ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే ఇది పట్టుకున్నాడు. జూదరులు ఓటములు మరిచిపోతారని మనమంతా అనుకుంటాం. ఫుట్‌బాల్ పందేలు కాసేవాళ్ల మీద అతను చేసిన పరిశీలనలో దానికి తలకిందులుగా తేలింది. వాళ్లు ఓటముల గురించే ఎక్కువ మాట్లాడారు, వాటినే బాగా గుర్తు పెట్టుకున్నారు. విప్పి, తిరగేసి, “ఆ ఒక్కటి జరక్కపోతే గెలిచేవాణ్నే” అనే దాకా తీసుకొచ్చారు. గెలుపును మాత్రం ప్రశ్నించకుండా తీసుకున్నారు. అందుకే “ఎంత పోయిందో గుర్తు తెచ్చుకోరా” అని తల్లిదండ్రులు మందలిస్తే పని జరగదు. వాడికి అన్నీ గుర్తే. ప్రతి ఓటమీ కొద్దిలో తప్పిన గెలుపుగా గుర్తుంది.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రకటనలిచ్చేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాణ్ని శిక్షించకపోవడం మంచి పనే. నేను ఈ చట్టాన్ని సమర్థిస్తాను. అయితే అది దుకాణాన్ని మూయగలదు, నమ్మకాన్ని కాదు. టెలిగ్రామ్ గ్రూపులో “రేపటి పక్కా టిప్” అని వస్తే నమ్మేవాడు ఇంకా ఉన్నాడు. ఆ నమ్మకాన్ని చదువులోనే కదిలించొచ్చు. ఇంటర్ పిల్లలకు సంభావ్యత పాఠం ఉంది, అందులో ఎర్ర బంతులు, నల్ల బంతులు, పేకముక్కలు ఉన్నాయి. వెయ్యికి 900 ఇచ్చే టాస్ లెక్క ఒకటి చేరిస్తే ఏ పిల్లవాడూ దాన్ని మరిచిపోడు. చాలా ఇళ్లలో విషయం బయటపడేది అప్పులవాళ్లు గుమ్మంలోకి వచ్చాకే. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌లో ఉచితంగా మాట్లాడేవాళ్లు ఉన్నారని అంతకు ముందే తెలియాలి.

ఆ రోజు కుర్రాడూ నేనూ పుస్తకం మొత్తం కూడాం. 38 పందేలు, 18 గెలుపులు. సగానికి ఒకటి తక్కువ. అన్నీ ఆ వెయ్యికి 900 రేటులో, వెయ్యి చొప్పునే కాసి ఉంటే పోయేది 3,800. పోయింది 41,000. “సగం దాకా గెలిచాను కదా బాబాయ్, ఇంతెలా పోయింది?” అన్నాడు. రెండో గడి పైనుంచి కిందికి చదవమన్నాను. వెయ్యి, వెయ్యి, రెండు వేలు, ఐదు వేలు, మళ్లీ వెయ్యి. చదువుతూ చదువుతూ ఆగి, పెన్ను తీసుకుని, నాలుగో గడిలో “ఫిక్సింగ్” అని ఉన్నచోటల్లా సున్నా చుట్టాడు. తొమ్మిది వచ్చాయి. ప్రతి సున్నా నుంచి దాని కింది వరసలోని అంకెకి గీత గీశాడు. తొమ్మిదిలో ఏడుచోట్ల ఆ కింది అంకె పైదానికి రెట్టింపో అంతకంటే ఎక్కువో ఉంది.