ఉచ్చు వేసిన చేతికీ చదువుంది



పోయిన వారం సైన్సు పీరియడులో వలస పక్షుల పాఠం జరిగింది. "ఏ పిట్ట ఎప్పుడొస్తదో మా తాతకు తెలుసు సార్" అని నేను లేచి చెప్పాను. క్లాసంతా నవ్వింది. "మీ తాత పిట్టల్ని పట్టుకు తినేటోడు గదా, ఆయనకేం తెలుసు?" అని వెనక బెంచీ నుంచి ఒకరన్నారు. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. తరువాత చదివితే దొరికింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఉత్తర సముద్రంలో హెలిగోలాండ్ అనే చిన్న దీవి ఉంది. ఇప్పుడది జర్మనీ దేశానిది. ఎర్రరాతి గుట్ట ఉన్న అసలు దీవి ఒక చదరపు కిలోమీటరే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చలి మొదలుకాగానే నార్వే, స్వీడన్ వైపు నుంచి పక్షులు దక్షిణానికి బయలుదేరతాయి. కింద ఎటు చూసినా నీళ్ళే. అలసిన పిట్టకు కాలు మోపడానికి దొరికేది ఆ గుట్టే. మంచు కమ్మినా, ఎదురుగాలి కొట్టినా గుంపులు గుంపులుగా దిగిపోతాయి. ఇంత చిన్న చోట ఇప్పటిదాకా 400కు పైగా రకాల పక్షులను చూశారు.

1837లో హైన్రిష్ గేట్కే అనే చిత్రకారుడు బొమ్మలు వేసుకోవడానికి అక్కడికి వెళ్ళాడు. పిట్టల మోజులో పడి అక్కడే ఉండిపోయాడు. 50 ఏళ్ళకు పైగా చూసినదంతా రాసుకొని 1891లో పుస్తకం వేశాడు. అయితే ఆయనొక్కడే చూడలేదు. దీవిలోని వేటగాళ్ళు తాము పట్టిన కొత్త కొత్త పిట్టల్ని తెచ్చి ఆయనకు చూపేవాళ్ళు.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ గుట్ట మీద చెట్లు తక్కువ. దిగిన పిట్ట మొదట వెతికేది పొదనే అని దీవివాళ్ళకు తెలుసు. అందుకని కొమ్మలు పాతి దొంగ పొదలు కట్టి, వాటికి వలలు పెట్టేవాళ్ళు. పట్టుకున్నవి కూర వండుకునేవాళ్ళు. 1910లో హ్యూగో వైగోల్డ్ అనే శాస్త్రవేత్త అక్కడ పక్షి పరిశోధన కేంద్రం మొదలుపెట్టాడు. ఆ దొంగ పొదను చూసే ఆయన పెద్ద గరాటులాంటి వల బోను కట్టాడు. పిట్ట లోపలికి పోతుంది, దెబ్బ తగలకుండా చేతికి చిక్కుతుంది. కాలికి నంబరున్న రింగు వేసి వదిలేస్తారు. ఇప్పుడు వేరే దేశాల్లో కూడా దాన్ని హెలిగోలాండ్ బోను అనే పిలుస్తారు. నమూనా ఇచ్చింది ఎవరు? కూర కోసం పిట్టల్ని పట్టినవాళ్ళే కదా!

మన దేశంలోనూ అంతే. 1959లో సలీం అలీ గారి ఆధ్వర్యంలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వలస పక్షులకు రింగులు వేసే పని పెట్టుకుంది. పక్షుల్ని పట్టడానికి బీహారు నుంచి మీర్‌షికారులను పిలిపించుకున్నారు. వాళ్ళు తరతరాలుగా పిట్టలు పట్టి బతికినవాళ్ళు.

మళ్ళీ ఉచ్చులు వేద్దామని నేను అనడం లేదు. 1972 చట్టం ప్రకారం అది నేరం. పిట్టలూ మునుపటంత లేవు. మా తాత కూడా ఎప్పుడో మానేశాడు. కానీ ఉచ్చు మానేస్తే తెలివిని కూడా పారేయాలా? పసుపు పొట్టతో, తోక ఊపుకుంటూ వాగు రాళ్ళ మీద నడిచే పిట్ట ఉంది కదా. "అది వాగుకు దిగిందంటే ఇక వానలు వెనక్కి పోయినట్టే" అంటాడు మా తాత. అది హిమాలయాల వైపు నుంచి వస్తుందని నాకు పుస్తకం చెప్పింది. ఎప్పుడు వస్తుందో, ఏ రాయి మీద వాలుతుందో తాత చెప్పాడు. రెండూ కలిస్తేనే పాఠం పూర్తవుతుంది.

మన తాతలు నోట్‌బుక్కులో రాసుకోలేదు. వాళ్ళతోపాటే ఆ తెలివి కూడా పోతుంది. మనకు రాయడం వచ్చు గదా! దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడగండి. పిట్ట పేరు మీ ఇంటి భాషలోనే రాయండి, సిగ్గుపడకండి.

ఈ కాగితం కింద కొంత జాగా వదిలాను. ఆ పసుపు పొట్ట పిట్టను ఈ ఏడు మొదట చూసినవాళ్ళు తేదీ, చోటు అక్కడ రాయండి. నవ్వినవాళ్ళు కూడా రాయవచ్చు.

— పదవ తరగతి విద్యార్థి