నోటితో అడిగి చూడండి!

చంద్రయాన్-3 చంద్రుడి మీద ఎలా దిగిందో మా పక్కింటి బాబునడిగితే అరగంట ఆపకుండా చెబుతాడు. ఐదో తరగతి. అదే నాలుగు వాక్యాలు రాయమంటే... ఒత్తులు ఎగిరిపోతాయి, 'ప'లన్నీ 'వ'లైపోతాయి. ''తెలివుంది, శ్రద్ధే లేదు. ట్యూషన్ పెట్టించండి'' అన్నారు బడిలో. వాళ్లమ్మ రెండు ట్యూషన్లు పెట్టించింది. సోమవారం వస్తే చాలు, వాడికి కడుపునొప్పి మొదలు!

పరీక్ష చేసిన సైకాలజిస్టు డిస్‌లెక్సియా అని తేల్చారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. 2007లో 'తారే జమీన్ పర్' చూసి కళ్లు తుడుచుకున్నాం కానీ, మన పిల్లాడి నోట్సు చూసినప్పుడు మాత్రం చెయ్యే లేస్తుంది.

చురుకైన పిల్లలతో ఓ చిక్కుంది. చిన్న తరగతుల్లో విన్నది గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చేస్తారు. పాఠాలు పెద్దవయ్యాక ఆ కిటుకు పనిచేయదు. సాయం అడిగితే ''పాసవుతున్నాడుగా!'' అంటారు.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ సమస్య ఊసే లేదు. 2016లో వచ్చిన చట్టం 21 వైకల్యాల్లో దీన్నీ చేర్చింది. ప్రభుత్వ గుర్తింపున్న ప్రైవేటు బళ్లూ దాని పరిధిలోకి వస్తాయి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు లాంటివి అందులో ఉన్నాయి. సీబీఎస్‌ఈలో మూడు గంటల పేపరుకు మరో గంట ఇస్తారు. బోర్డు పరీక్షల్లో వీటికి సర్టిఫికెట్ కావాలి. పదో తరగతి దాకా ఆగకుండా ముందే తిరగడం మేలు.

వాళ్ల నాన్న అక్కడే ఆగిపోయారు. ''మా వాడికి వికలాంగుడన్న ముద్రా?'' అని నెలరోజులు ఆ కాగితాలు ముట్టుకోలేదు. ఆయన్ని తప్పుపట్టలేం. కానీ 'బద్ధకస్తుడు' అన్న ముద్ర అప్పటికే పడిపోయింది కదా!

చివరికి వాళ్లమ్మే హెడ్‌మాస్టరుకు ఉత్తరం రాసింది. నోటిమాటగా క్లాస్ టీచరుకు చెబితే వచ్చే జూన్‌లో టీచరు మారగానే కథ మొదటికొస్తుంది. అందుకే సైకాలజిస్టు రిపోర్టు జతచేసి, రెండో కాపీ మీద బడి ముద్ర వేయించుకుంది. అడిగినవి చిన్నవే. అందరి ముందూ పైకి చదివించొద్దు. బోర్డు మీది నోట్సు జిరాక్స్ ఇవ్వాలి. సైన్సు, సోషల్‌లో అక్షరదోషాలకు మార్కులు కోయొద్దు. ప్రశ్నలు చదివి వినిపించాలి.

మొన్న సైన్సు టీచరు ప్రశ్నలు చదివి, జవాబులు నోటితో చెప్పించుకున్నారట. ఇరవై అయిదుకి ఇరవై రెండు! లెక్కల టీచరు మాత్రం ''ఒక్కడికోసం అలా కుదరదండీ'' అన్నారు. వాళ్లమ్మ రెండో ఉత్తరం రాస్తోంది.